ఏం గాలే, ఏడ్సిండ్రు: గ్లిసరినీ వ్యాఖ్యాసహితము

మూలము

"రాత్రి సీరియల్ల ఏమైంది వదినె?"
"ఏం గాలే పిల్లా. ఏడ్సిండ్రు. గంతే."
"మల్లనా?"
"మల్లనే."

అవతారిక

ఇది గద్యము. సంవాదరూపము. దేశము హుజూర్‌నగరము, 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలోనిది, అటుపైన సూర్యాపేట జిల్లాలోనిది. ఏ జిల్లాలో ఉన్నను సాగర్ ఎడమ కాలువ కింది వరిని, ఆ వరిని మరపట్టు రైసు మిల్లులను నమ్ముకొని బ్రతుకునది. కాలము ప్రాతఃకాలము, నల్లా నీళ్ళు వచ్చు వేళ. మాట్లాడువారు ఇద్దరు, గోడకు అటొకరు ఇటొకరు. మూడవ వ్యక్తిని అధ్యాహారము చేసికొనవలెను: అరుగు మీద పేపరు చదువుచున్న పెద్దసారు. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు, మా వీధికి ఆస్థాన విమర్శకుడు. పై సంవాదము చెవిన బడగా పేపరు దించి, "ఏమీ జరగనిదానికి అరగంట కూర్చొని ఏడుస్తారు, తెల్లారి దాని మీద చర్చ. సంస్కారం ఉండాలి" అన్నాడు. ఆ చివరి మాటయే ఈ వ్యాఖ్యకు జన్మహేతువు.

ఏ సీరియలు అను విషయము మూలమున లేదు. లోపము కాదు. ఆ రోజులలో ఏడున్నరకు సీరియలన్న ఒక్కటే: స్టార్ మాలో 2017 అక్టోబరు 16న వెలిగి 2023 జనవరి 23న కొండెక్కిన 'కార్తీక దీపం'. 1569 భాగములు. కథ మలయాళపు 'కరుత్తముత్తు' నుండి వచ్చినది. అక్కడ మొదట నాయిక వేషము కట్టిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీప అయి, వంటలక్క అయి, ఇంటింటి మనిషి అయినది. 2020లో ఐపీఎల్ మ్యాచులు సరిగ్గా ఏడున్నరకే పెట్టగా, ఇంట్లో ఉన్నది ఒక్కటే టీవీ, ఆట వేళ మార్చుడని ఒక యువకుడు ట్విట్టర్‌లో మొరపెట్టుకొనుట లోకవిదితము. సీరియలు వేళ మార్చుమని అడుగు సాహసము అతడు చేయలేదు.

ప్రతిపదార్థము

స్పష్టము. (ప్రాచీన వ్యాఖ్యాతలు తమకు కొరుకుడు పడని చోట ఈ మాట వ్రాసి ముందుకు సాగెదరు. మేము తెలిసియే వ్రాసినాము.)

టీక

వ్యాఖ్యానమన్న తరువాత మల్లినాథసూరికి దండము పెట్టనిదే కలము కదలదు. పైగా ఆయన మనవాడు. కోలాచలమువారు, మెదక్ జిల్లా కొల్చారమే ఆ ఊరని చెప్పుదురు. కాళిదాసు కావ్యములకు సంజీవని, భారవికి ఘంటాపథము, మాఘునికి సర్వంకష, శ్రీహర్షునికి జీవాతువు వ్రాసిన చేయి అది. చెడ్డ వ్యాఖ్యల విషము తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయినదనీ, దానిని లేపుటకే సంజీవని తెచ్చితిననీ చెప్పుకొన్నాడు. కొడుకు కుమారస్వామి కూడ ఊరకున్నవాడు కాడు. ఓరుగంటి ప్రతాపరుద్రుని కీర్తించుచు విద్యానాథుడు వ్రాసిన అలంకారశాస్త్రమునకు రత్నాపణమను వ్యాఖ్య సంతరించినాడు. అనగా తండ్రికొడుకులు ఒకరు చెప్పినదానిని ఇంకొకరికి విప్పి చెప్పుటకే పుట్టినవారు. రాత్రి కథను గోడ అవతలి పిల్లకు విప్పి చెప్పు మా వదినె ఆ గోత్రమునదే. భేదమొక్కటే: నల్లా బందయ్యే లోపల చెప్పి ముగించవలసిన తొందర మల్లినాథునికి లేదు.

మల్లినాథుడు రెండు ఒట్లు పెట్టుకొన్నాడు. ఆధారము లేనిది వ్రాయను. అక్కరలేనిది చెప్పను. ఈ రెండవ ఒట్టును సీరియళ్ళు తీయువారి చేత పెట్టించినచో 1569 ఎంతకు దిగునో లెక్క వేయుటకు మాకు ధైర్యము చాలలేదు. ప్రకటనలు పోను భాగానికి ఇరవై నిమిషములే అనుకొన్నను మొత్తము ఐదువందల గంటలు దాటుచున్నది. ఇందులో ముఖములు చూపుటకు పోయినవెన్ని? ఒకరు ఒక మాట అందురు. ఉరుము ఉరుమును. అన్నవారి ముఖము ఎడమ నుండి, కుడి నుండి, పై నుండి. విన్నవారి ముఖము. అత్తగారి ముఖము. మామగారి ముఖము. ఆ మాటతో ఏ సంబంధమూ లేక పళ్ళెము పట్టుకొని నిలుచున్న పనిమనిషి ముఖము. అంతలో 'తరువాయి భాగం'.

దీనికి శాస్త్రమున పేరున్నది. కావ్యప్రకాశము ఏడవ ఉల్లాసములో రసదోషములను లెక్కించుచు మమ్మటుడు, పండిన రసమునే మరల మరల వెలిగించుట ఒక దోషమన్నాడు. ఉదాహరణకు ఊరు పేరు లేని కవిని పట్టుకోలేదు. కుమారసంభవములోని రతీవిలాపమునే చూపినాడు! కాళిదాసంతటివానిని నిలదీసినవాడు మన వాళ్ళను విడిచిపెట్టునా? అంతకు ముందే ఆనందవర్ధనుడు, ఒకమారు అనుభవించిన రసమును ఊరక తడుముచుండినచో నలిగిన పువ్వగునని హెచ్చరించి యున్నాడు. "మల్లనా?" "మల్లనే" అను రెండు పలుకులలో వదినామరదళ్ళు ఈ ఇద్దరు కాశ్మీర పండితుల సిద్ధాంతమును దించివేసినారని ఎరుగునది. మమ్మటుని పట్టికలో ఆ పక్కనే అకాండచ్ఛేదమున్నది, అనగా కాని వేళ తెంచివేయుట. రామపరశురాముల నడుమ వీరము పొంగి వచ్చు చోట, కంకణము విప్పు తంతున్నదని రాముడు లోపలికి పోవుట దానికి ఉదాహరణము. పాపము మమ్మటునికి సబ్బుల ప్రకటన తెలియదు.

నాటకకార్యమునకు ఐదు అవస్థలు చెప్పినారు: ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. మన సీరియలు మూడవ మెట్టున, అనగా దక్కునేమో అను ఆశ దగ్గర, చాప పరచుకొని కూర్చున్నది. దీప భర్త కార్తీక్ తనకు పిల్లలు పుట్టరని నమ్మినాడు, కనుక దీప కడుపు మీద అనుమానము, కనుక ఎడబాటు. అతడు డాక్టరు. డాక్టరు బాబు అనియే ఊరంతా పిలుచును. ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించినచో కథ వారములలో తేలిపోవును. ఈ మాట మా వీధిలో ఐదవ తరగతి పిల్లవాడును అన్నాడు, పండ్లూడిన అవ్వయును అన్నది. కథ నడుచుచున్నది హైదరాబాదులో. ఆ హైదరాబాదు సీసీఎంబీలోనే లాల్జీ సింగ్ డీఎన్‌ఏ వేలిముద్రల విద్యను ఈ దేశమునకు తెచ్చినాడు. మన దేశపు న్యాయస్థానములో ఆ సాక్ష్యము మొట్టమొదట నిలిచినది కేరళ తలశ్శేరిలో, బిడ్డకు తండ్రి ఎవరను తగవులోనే. 1991 నాటి మాట. కథ కేరళది, పరీక్ష హైదరాబాదుది, తగవు అచ్చముగా ఇదే. ఇరువది ఆరేండ్ల తరువాత మొదలైన సీరియలుకు మాత్రము ఈ కబురు అందలేదు.

ఇంకొక విశేషము. కలియు ఆశ ఉన్నచో విప్రలంభము, లేనిచో కరుణము. చచ్చినవారు ఈ శరీరముతోనే తిరిగి వత్తురను ఆశ ఉన్నచో కరుణవిప్రలంభము. దీనికి లక్ష్యము బాణుని కాదంబరి. పుండరీకుడు చచ్చిపోగా ఆకాశవాణి మాట నమ్మి మహాశ్వేత ఎదురుచూచినది. 2022లో దీపనూ కార్తీక్‌నూ కారు ప్రమాదములో చంపి, పిల్లలను పెద్ద చేసి, కొన్ని నెలలకు ఇద్దరినీ మరల బ్రతికించి తెచ్చినారు. ఇక్కడ ఆకాశవాణి పాత్రను రేటింగులు పోషించినవని కొందరందురు. బాణుడు పాపము కాదంబరిని సగములో విడిచి తానే పోయినాడు, మిగిలినది కొడుకు పూర్తి చేసినాడు. సీరియలు వారు 2024 మార్చిలో 'నవ వసంతం' అని తామే మొదలుపెట్టినారు.

నవ్వు వచ్చినంత నవ్వితిమి గాని, ఒక మాట తిన్నగా చెప్పుకోవాలి. వానాకాలం నాట్లప్పుడు మా ఊరి ఆడవాళ్ళు పొద్దు పొడవక ముందే ఆటో ఎక్కుతారు. పొద్దంతా నడుము వంచి బురదలో నిలబడి, ఇంటికొచ్చి, పొయ్యి ముట్టించి, పిల్లలకు పెట్టి, ఏడున్నరకు గోడకు ఆనుకొని కాళ్ళు చాపుతారు. దినంలో ఆమెది అన్న అరగంట అదొక్కటే. ఆ అరగంటలో సగం సబ్బులకూ నూనెలకూ అమ్ముకొని, మిగిలిన సగంలో ఒక ముఖాన్ని మూడు దిక్కుల నుంచి చూపించి పంపించేస్తే, అది కాలహరణం కాదు, కూలి ఎగ్గొట్టడం. "ఏం గాలే" అన్నప్పుడు వదినె గొంతులో ఉన్నది ఆ లెక్కే.

శంక

ఇచ్చట పెద్దసారు ఇట్లు ఆక్షేపించును: "అందుకే అంటున్నా. కథ కదలదని తెలిసీ చూసేవాళ్ళకు బుద్ధి లేదనే గదా."

సమాధానము

కథ కదలకుండుట దోషము కాదు. చిందు భాగోతము రాత్రంతా ఆడుదురు. చెంచులక్ష్మి అలక తీరుసరికి కోడి కూయును. ఎవ్వరూ లేచి పోలేదు. అది వీధి ఆట అని సారు తీసివేయును గనుక, ఆయన అలమారలోని పుస్తకమే తెరిచెదము. భవభూతి ఉత్తరరామచరితము. మూడవ అంకము, ఛాయాంకము. ఏమి జరిగినది? రాముడు పంచవటికి వచ్చినాడు. చూచిన చెట్టుకెల్ల ఏడ్చినాడు, మూర్ఛపోయినాడు. కంటికి కానరాని సీత తాకగా లేచినాడు. వాసంతి ఒక మాట పొడిచినది. మరల ఏడ్చినాడు, మరల మూర్ఛ, మరల స్పర్శ. సీత ఏడ్చినది, తమస ఓదార్చినది. అంకము ముగియు వేళకు రాముడు విమానమెక్కి పోయినాడు. ఎవ్వరూ ఎవ్వరినీ కలియలేదు. ఏం గాలే. ఏడ్సిండ్రు. పన్నెండేండ్ల కిందటి అనుమానము అట్లే ఉన్నది. సంస్కృత నాటకములన్నిటిలోను ఇంతకు మించిన అంకము లేదని పండితులందురు, మేమును అందుము, సారు మాకు పదవ తరగతిలో చెప్పునప్పుడు ఆయన గొంతు జీరపోయినది. రసమన్న కరుణమొక్కటే, తక్కినవి నీటిలో సుడులు, బుడగలు, అలలు అన్నవాడు భవభూతి. తన్ను మెచ్చనివారిని చూచి, కాలమునకు అంతు లేదు, నేల విశాలము, నా వంటివాడు ఎన్నడో ఎక్కడో పుట్టకపోడని ఊరట చెందినవాడును అతడే. హుజూర్‌నగరమున పుట్టునని ఊహించినాడో లేదో.

కథయైనను ఎక్కడ వేరు? నిండు చూలాలి మీద నింద. భర్తకు దూరము. కవలలు. తండ్రి ఎదుటనే తిరుగు బిడ్డలు, గుర్తించని తండ్రి. లవకుశులు మగవారు, శౌర్య హిమలు ఆడపిల్లలు, అంతే. 1963లో 'లవకుశ' వచ్చినప్పుడు పల్లెలు బండ్లు కట్టుకొని పోయి ఏడ్చినవి. ఆ ఏడ్పుకు భక్తి అని పేరు. వారి మనుమరాండ్రు అదే కథకు ఏడ్చిన సంస్కారలోపము!

ఇక టీవీ తెర మీది ప్రతినాయిక మోనితను "నీ నోట్ల మన్ను వడ" అని తిట్టు ముసలమ్మను చూచి సారు నవ్వునే, దానికి ప్రమాణము ఉత్తరరామచరితము ఏడవ అంకమున ఉన్నది. వాల్మీకి అప్సరసల చేత సీత కథను ఆడించును. చూచువాడు సాక్షాత్తు రాముడు. తెర మీది సీత గంగలో దూకబోగా ఆయన ఆగలేక కేక వేయును. ఇది నాటకము సుమా అని పక్కనున్న లక్ష్మణుడు గుర్తుచేయవలసి వచ్చినది. వినుడు: ముసలమ్మ రాముని పక్షము. సారు లక్ష్మణుడు. ఆ అంకములో ఎవరి ఏడ్పు నిజమైనదో, ఎవరికి సీత దక్కినదో పుస్తకము చూచుకొనవచ్చును.

మరి ఈ ఏడ్పు ఎక్కడ నుండి ఊరుచున్నది? శంకుకుడు అనుమితి అనును, అభినవగుప్తుడు అభివ్యక్తి అనును. ఎండలో పని చేసి నలుపెక్కిన వదినె ఏమంటుందో ఎవరడిగినారు? దీపకున్న తప్పల్లా నల్లగా ఉండటం. మేకప్పుతో నల్లగా చేసి మరీ చూపినారు. పెళ్ళిచూపుల్లో "పిల్ల నలుపు" అని లేచిపోయినవాళ్ళను, ఆ నలుపుకు అదనంగా అడిగిన కట్నాన్ని చూసిన మనిషికి ఆ సీరియలు కథ కాదు. ఆమె దీప కోసం ఏడవడం లేదు. ఐదేళ్ళు ఆ నలుపు మీద కథ నడిపినవాళ్ళు దాన్ని అవమానంగా వాడుకొన్నంతగా తప్పని చెప్పలేదు, అది మా ఫిర్యాదు. అరుగు మీద కూర్చొని, ఎందుకు ఏడ్చావమ్మా అని ఒక్కనాడూ అడగకుండా సంస్కారం గురించి మాట్లాడటం రెండో ఫిర్యాదు.

తాత్పర్యము

వ్రాయబోవుచుండగా సాయంత్రము ఏడున్నర అయినది. పెద్దసారు ఆ వేళకు పొద్దుటి పేపరునే మరల తెరుచును. కుర్చీ మాత్రము అరుగు మీద నుండి కడప లోపలికి జరుగును, టీవీకి ఎదురుగా. ఆనాడు తల్లికూతుళ్ళ సన్నివేశము నడుచుచుండగా ఆయన అద్దాలు తీసి కండువాతో కళ్ళు ఒత్తుకొన్నాడు. చూచితిమి. మేము చూచుట ఆయన చూచి, "మిల్లు ఊక కంట్లో పడ్డది" అన్నాడు. శాస్త్రము పరిశీలించితిమి. సాత్త్వికభావములు ఎనిమిది, అందు అశ్రువొకటి. దాని హేతువులను భరతుడు వరుసగా చెప్పినాడు: ఆనందము, కోపము, పొగ, కాటుక, ఆవులింత, భయము, శోకము, చలి, రోగము. ఊక ఆ పట్టికలో లేదు. రెప్పవాల్చక చూచుట ఉన్నది.