తుమ్మితే యూరిన్ పడిపోయే ఆడవాళ్లకు ఉచిత సలహాలు

ముందుగా, ఎవరికీ చెప్పకండి. ముదురు రంగు చీరలు కొనుక్కోండి. పెళ్లికి వెళ్తే బాత్రూమ్‌కి దగ్గరగా కూర్చోండి. ఎవరైనా జోకేస్తే నవ్వొద్దు. పిల్లలు పుట్టాక ఇది మామూలేనని అత్తగారు చెప్పనే చెప్పారు, ఇక డాక్టరెందుకు?

తప్పక వెళ్లారనుకోండి. డాక్టరమ్మ మూడు నెలలు కటి కండరాల వ్యాయామం చేయమంటారు, రోజుకు మూడు సార్లు, సారికి కనీసం 8 బిగింపులు. వారం చేసి మానేయండి. దగ్గితే పడుతోందా, అర్జెంటుగా వచ్చి ఆపుకోలేకపోతున్నారా అని అడిగితే ‘రెండూ ఒకటే కదండీ’ అనండి. మూత్రనాళం కింద టేపు వేసే స్లింగ్ ఆపరేషన్ మొదటి రకానికే. ఆ తేడా తేలితే మీ ఆపరేషన్ తప్పిపోగలదు.

ఇక ఆపరేషన్. ‘ఏది బెస్టు?’ అని అడిగి ఊరుకోండి. ఆ టేపు, ముందున్న కటి ఎముక వెనక నుంచి పైకి వెళ్తుందా, గజ్జల్లోంచి పక్కలకు వెళ్తుందా అన్నది మీకనవసరం. అమెరికాలో 597 మంది మీద ఈ రెండింటినీ పోల్చి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తర్వాత పరీక్షల లెక్కన సక్సెస్ వరుసగా 80.8, 77.7 శాతం. ఆడవాళ్లు చెప్పుకున్న బాధల లెక్కన 62.2, 55.8 శాతమే. ఆడవాళ్ల మాటకేం లెండి, మొదటి లెక్కే పట్టుకోండి. మిగతా అంకెల జోలికి అసలు పోవద్దు. ఎముక వెనక టేపు వేసినవాళ్లలో 2.7 శాతానికి మూత్రం సరిగా రాక మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, గజ్జల టేపు వాళ్లలో ఒక్కరికీ ఆ అవసరం రాలేదు. నరాల ఇబ్బందులు మాత్రం గజ్జల టేపుతో 9.4 శాతం, ఎముక వెనక టేపుతో 4. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు తొడల తిమ్మిరి ఒక లెక్కా?

మినీ స్లింగ్, అదే పొట్టి టేపు, అంటే ఎగిరి గంతేయండి. కోత చిన్నది, ఫలితం దాదాపు అంతే. బ్రిటన్‌లో 2022లో వచ్చిన పోలికలో మూడేళ్లకు కాపురంలో నొప్పి దీనితో 11.7 శాతం, మామూలు టేపుతో 4.8 శాతం. అది డాక్టరుతో మాట్లాడే విషయమా, ఛీ!

మెష్ (ఆ ప్లాస్టిక్ వల టేపు) వద్దు, పొట్ట గోడలోని సొంత పొరతో చేయండి అన్నారా? సొంతదైతే ఏ బాధా ఉండదని నమ్మేయండి. కోత పెద్దదవుతుందని, మూత్రం రావడం కష్టం కావచ్చని వినిపిస్తే చెవులు మూసుకోండి. 2018లో ఇంగ్లండ్ మెష్ స్లింగులను ఎందుకు ఆపిందంటే, అక్కడి ఆడవాళ్లకు ఓపిక తక్కువ.

లోపల పెట్టిన టేపు ఏ కంపెనీదో రాసిన స్టిక్కరు చేతికిస్తే పారేయండి. మీతోపాటు ఆ టేపూ ఎక్కడికీ పోదుగా.