వజ్రాల చిచ్చా

హుస్సేనీ ఆలంలో వజ్రాల చిచ్చాకు కొట్టు లేదు, త్రాసు లేదు. ఒక భూతద్దం, దాన్ని మించిన నోరు ఉన్నాయి. గల్లీలో పెళ్లి కుదిరితే ఉంగరం ముందు ఆయన చేతిలో పడాల్సిందే. ఇలాంటి మనిషి పాతబస్తీలో ప్రతి మలుపుకూ ఒకడుంటాడు. అలాంటి ప్రతివాడి తాతా తప్పనిసరిగా నిజాం నగల ఖజానాలో పనిచేసి ఉంటాడు. అంతమంది తాతల్లో ఆ ఖజానా ఊడ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మొదటిది ఊపిరి పరీక్ష. రాయి మీద "హా" అని ఊదుతాడు. వజ్రం వేడిని చటుక్కున లాగేస్తుంది కాబట్టి ఆవిరి రెప్పపాటులో పోవాలి, గాజు మీదైతే కాసేపు నిలవాలి. శాస్త్రం సరైనదే. చిక్కల్లా ఆ ఊపిరిలోని జర్దాతోనే. ఆవిరి పోతుంది, వాసన పోదు.

తర్వాత అరచేతి తూకం. అమెరికన్ డైమండ్ అదే సైజు వజ్రం కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. ఆ తేడా అర క్యారెట్ రాయిలో కూడా తన చేతికి తెలుస్తుందంటాడు. అర క్యారెట్ అంటే గ్రాములో పదో వంతు! అదే చేతికి కూరగాయల బండి దగ్గర పావుకిలో తగ్గినా తెలియదు.

వినేవాళ్లు పలచబడితే జాకబ్ వజ్రం బయటికొస్తుంది. 184.75 క్యారెట్లు; ఆరో నిజాం బూటు మొనలో దొరికితే ఏడో నిజాం కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడని చెప్పుకునే రాయి. "మన గోల్కొండది!" అంటాడు. అది దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది కదా అంటే, "బూటు ఏ ఊరిది? మన ఊరిదే గద!" అని నోరు మూయిస్తాడు.

మొన్న పక్కింటి పిల్ల ఉంగరం తెచ్చింది. రత్నాల ల్యాబులో పని ఆమెకు. చిచ్చా ఊదాడు, తూచాడు, భూతద్దం వంచి వంచి చూశాడు. వజ్రంలా మెరిసే మాయిసనైట్ అయితే పక్కనుంచి చూసినప్పుడు లోపలి అంచులు జంటగా కనిపిస్తాయని ఆయనకు తెలుసు (ఈ ఒక్కటీ నిజంగానే తెలుసు). "అసల్ గోల్కొండ, బిడ్డా!"

"మిషన్ల పెంచింది చిచ్చా, గిదిగో కాగితం."

పాపం, తప్పు పూర్తిగా ఆయనది కాదు. ల్యాబులో పెరిగినా అది కర్బనమే, వజ్రమే. ఊపిరికీ, బరువుకీ, వేడి చూసే జేబు టెస్టరుకీ అది వజ్రంగానే జవాబిస్తుంది. మట్టిలో పుట్టిందో మిషన్లో పుట్టిందో తేల్చాలంటే దాని మీద రకరకాల కాంతి వేసి, లోపల ఎలా పెరిగిందో పెద్ద యంత్రాలు చదవాలి.

"ఇంకోటి చిచ్చా. నైట్రోజన్ దాదాపు లేని రాళ్లను టైప్ 2ఎ అంటరు. గోల్కొండల పేరు మోసినయి శానావరకు గవే. మిషన్ల పెరిగేటియి గూడ ఎక్కువ గసుంటియే. గందుకే గంత సాఫ్ రాయి కనబడితే మా చెకింగ్ మిషన్ ముందుగాల అనుమానిస్తది, పక్కకు పెడ్తది."

చిచ్చా మొహం వెలిగిపోయింది. "సూసినవా! అసలైనోని మీదనే అనుమానాలెక్కువ. నలభై ఏండ్ల సంది మీ చాచీ నన్ను గట్లనే పక్కకు పెట్టి సూస్తుంది. ఉంగరం ఇటియ్యి బిడ్డా, ఇంకోపారి ఊదుత."