రెండో గీత

నేను లెక్కల మనిషిని. పెళ్లిచూపుల్లో ఈ మాట మా నాన్న గర్వంగా చెప్పాడు, ఆడపెళ్లివాళ్లూ అంతే గర్వంగా విన్నారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కాపురం పెట్టాక ఆ లెక్కలన్నీ మా శని ఆదివారాల మీద పడ్డాయి.

2018 జూన్‌లో, అమెరికా జాతీయ పార్కులన్నిట్లో చెల్లే ఏడాది పాస్ ఒకటి కొన్నాను. 80 డాలర్లు. యోసెమిటీకి కారులో ఒక్కసారి వెళ్తే 35. మూడుసార్లు వెళ్తే 105. అంటే 25 డాలర్లు లాభం.

"మూడుసార్లు వెళ్తామా?" అంది మా ఆవిడ.

"ఎందుకు వెళ్లం? పాస్ ఉందిగా!"

ఆ జవాబు నాకే ఎంత బాగా నచ్చిందో! ఆ రోజు నుంచి చూడాలనిపించిన చోటికి కాక, పాస్ చెల్లే చోటికి బయలుదేరడం మొదలైంది. అదయినా సరిగ్గా తెలుసుకున్నానా అంటే అదీ లేదు. మొదట పాయింట్ రేస్ సముద్రతీరానికి వెళ్లాం. పాస్ చేత్తో పట్టుకుని, టికెట్ల గేటు ఎక్కడా అని కారు నెమ్మదిగా పోనిస్తున్నాను. గేటూ లేదు, టికెట్టూ లేదు. అక్కడ ప్రవేశం ఎవరికైనా ఉచితమేనట. ఉచితంగా చూసినందుకు దిగులుపడ్డవాణ్ణి ఆ సముద్రం నన్నే మొదట చూసి ఉంటుంది.

ఆ తర్వాత పాయింట్ లోబోస్. గేటు ఉంది, మనిషీ ఉన్నాడు. పాస్ చూపిస్తే నవ్వాడు. అది కాలిఫోర్నియా రాష్ట్రం వాళ్లదట, కేంద్రం పాస్ చెల్లదు, 10 డాలర్లు కట్టమన్నాడు. కట్టాను. సీల్ జంతువులు రాళ్ల మీద పడుకుని ఎండ కాగుతుంటే మా ఆవిడ మురిసిపోయి చూస్తోంది. నేను పక్కనే నిలబడి 80కి 10 కలుపుతున్నాను.

మూడోది మ్యూర్ వుడ్స్. అక్కడ పాస్ ఖాయంగా చెల్లుతుంది. కాకపోతే ఆ ఏడాది జనవరి నుంచి పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలన్న నియమం పెట్టారు. నాకది అక్కడికి వెళ్లాకే తెలిసింది. వందల ఏళ్ల రెడ్‌వుడ్ చెట్లని కారు అద్దంలోంచే చూసి, ఆ వంకర రోడ్డంతా మళ్లీ దిగి, ఇంటికొచ్చి ఉప్మా తిన్నాం.

అసలు తెలివితక్కువ పని చెప్పనే లేదు. ఆ పాస్ వెనక సంతకానికి రెండు గీతలున్నాయి. అప్పట్లో ఒకే కార్డుకి ఇద్దరు సొంతదారులు ఉండొచ్చు. మొదటి గీత మీద నేను సంతకం చేశాను. రెండోది ఖాళీ. భార్యాభర్తలం ఎలాగూ ఒకే కారులో పోతాం, ఇక ఆవిడ సంతకం ఎందుకు, గీత దండగ కదా అనిపించింది. ఆఫీసులో నా పక్క సీట్లో ఒక నెల్లూరు కుర్రాడున్నాడు, ఇంకా పెళ్లి కాలేదు. 40 డాలర్లు ఇచ్చి రెండో గీత మీద సంతకం పెట్టేశాడు. సగం డబ్బు వెనక్కి వచ్చిందన్న హుషారులో దారిలో ఇండియన్ స్టోర్‌లో ఆగి 12 డాలర్ల మిఠాయి కొన్నాను. ఆ 12 మాత్రం లెక్కలో వేయలేదు.

జూలై ఆఖర్లో యోసెమిటీ వెళ్దామనుకుంటే అడవి మంటలొచ్చి లోయ మూసేశారు. ఆగస్టు మధ్యలో గాని తెరవలేదు. అందుకని లేబర్ డే సెలవులకి మార్చాను. సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు, మూడు రోజులు కలిసొస్తాయి. ఎక్సెల్ షీట్ తయారైంది. తెల్లవారుజామున 4:15కి బయలుదేరాలి, 8:40కి యోసెమిటీ జలపాతం, 9:10కి పులిహోర.

"ఏమండీ, సెప్టెంబరులో నీళ్లుంటాయా?"

ఎవరినడుగుతోంది? మాది మాచర్ల. ఎత్తిపోతల జలపాతానికి మేం ఎప్పుడు వెళ్లేవాళ్లం? వానలు బాగా పడ్డాక, ఆగస్టు, సెప్టెంబరుల్లో. "జలపాతం సెప్టెంబరులో కాక ఇంకెప్పుడు పొంగుతుంది?" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మళ్లీ బయలుదేరే ముందు, పులిహోర డబ్బా సర్దుతూ, "పాస్ పెట్టుకున్నారా?" అంది. "అది కార్లోనే ఉంటుంది" అన్నాను.

అల్టమాంట్ కనుమ దాటేసరికే రోడ్డంతా కార్లు. ప్రీస్ట్ గ్రేడ్ దగ్గర, ఫోను దగ్గరదారి అని చూపించిందని పాత రోడ్డు ఎక్కించాను. ఆ నిట్టనిలువు ఎక్కుడికి కారు మూలిగింది, మా ఆవిడ సీటు అంచు గట్టిగా పట్టుకుంది. పదకొండున్నరకి పార్కు గేటు దగ్గరికి చేరాం. కిటికీ దించి, డ్యాష్‌బోర్డు అర తెరిచాను. లేదు. పర్సులో లేదు. వెనక నుంచి హారన్. అప్పుడు గుర్తొచ్చింది. నెల్లూరు కుర్రాడు ముందు వారమే లాసెన్ కొండలకి వెళ్తూ పాస్ పట్టుకెళ్లాడు. తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.

35 డాలర్లు కట్టాను. పక్క సీట్లోంచి ఒక్క మాటా రాలేదు. తిట్టినా బాగుండేది.

లోయలో రోడ్లు చాలావరకు వన్ వే. పార్కింగ్ దొరికే మలుపు ఒకటి తప్పితే మళ్లీ చుట్టూ తిరిగి రావాల్సిందే. నేను రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఎల్ కాపిటన్ కొండని చూసే అదృష్టం కలిగింది. ఎట్టకేలకు నడుచుకుంటూ జలపాతం ముందుకొచ్చి తలెత్తి చూశాం. 2,425 అడుగుల ఎత్తున, రాతి మీద ఒక నల్లటి చార. అంతే. చుక్క నీరు లేదు.

బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన జాలిపడి చెప్పాడు. ఇక్కడ వేసవిలో వానలుండవు. చలికాలం కొండల మీద పడ్డ మంచు వసంతంలో కరిగితేనే ఈ జలపాతం. మే నెలలో రండి, నిలబడితే తడిసిపోతారు అన్నాడు. మా దేశంలో... అని నేనేదో మొదలుపెట్టాను. ఈలోగా మా ఆవిడ ఆ ఎండిన బండల మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచింది. నాకు ముందు పెట్టింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. ఆ ప్రయాణం గురించి తను అడిగిన మూడు ప్రశ్నల్లో నేను సరిగ్గా జవాబు చెప్పింది ఆ ఒక్కదానికే.

ఆ చలికాలం సియెర్రా కొండల మీద మంచు బాగా పడింది. 2019 మేలో ఆఫీసు స్నేహితురాళ్లతో కలిసి మా ఆవిడే యోసెమిటీకి బయలుదేరింది. నన్ను రమ్మనలేదు, ఎక్సెల్ షీట్ అడగలేదు. పాస్‌కి గడువు జూన్ ఆఖరు దాకా ఉంది. ఈసారి ముందే తెచ్చిపెట్టుకున్నాను. ఉత్సాహంగా తీసి చేతికిచ్చాను, తీసుకెళ్లు, 35 మిగులుతాయని.

తను కార్డుని వెనక్కి తిప్పి చూసి, బల్ల మీద పెట్టేసి, చెప్పులేసుకుంది.

"దీని మీద నా పేరు లేదుగా."