టైఫూన్ అయితే ఇచ్చేవాళ్లం

హైదరాబాద్‌లో మౌలాలి గుట్టెక్కి నాలుగు దిక్కులా చూసినా సముద్రం కనబడదు. అయినా గుట్ట కింద హౌసింగ్ బోర్డు కాలనీలో ఇంటి బీమా ఉన్నవాళ్లు సునామీకి బెదరాల్సిన పని లేదు. పాలసీలో రాసే ఉంటుంది: తుపాను, టైఫూన్, హరికేన్, టోర్నడో, సునామీ, వరద, ముంపు, దేనికైనా పరిహారమే. పసిఫిక్‌లో పుట్టిన టైఫూన్ ఏదైనా జపాన్ దారి తప్పి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా మీదుగా వచ్చిందంటే చెక్కు రాసి సిద్ధంగా పెడతారు. చిక్కంతా మన ఊరి గాలితోనే. మే నెల సాయంత్రం ఈసీఐఎల్ వైపు నల్లగా కమ్మి, అరగంటలో రేకులూ ఫ్లెక్సీలూ వేపకొమ్మలూ ఒకచోట కుప్పేసి పోతుందే, అది వచ్చిందనడానికి మాత్రం సాక్ష్యం కావాలి.

తెలుగువాడి గాలివానకు గుర్తింపే లేదనుకోకండి. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. సర్వేయరును పంపకుండానే ఇచ్చారు.

మన దగ్గర ఇంటి బీమా ఎవరూ ముచ్చటపడి కొనరు. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు తగిలిస్తుంది. సంతకాలు గీకే కాగితాల కట్టలో అదొకటి. ఇల్లు మనది, ప్రీమియం మనది, పాలసీ మాత్రం బ్యాంకు బీరువాలో. జనానికి అర్థమయ్యేలా ఉండాలని బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ పేరుతో కంపెనీలన్నిటికీ ఒకే తీరు పాలసీ పెట్టింది. మంచి పనే. ఇంటికి బీమా చేస్తే లోపలి సామానుకు కూడా అందులో 20 శాతం దాకా, 10 లక్షలు మించకుండా, రక్షణ దానంతటదే వస్తుంది. ఈ ముక్క నోరు తెరిచి చెప్పిన బ్యాంకు మేనేజరు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, శాలువా కప్పుతాను.

ఇక మా కాలనీ పెద్దాయన సంగతి. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. కింద స్లాబు, పైన కిరాయికిచ్చిన రేకుల గది. గాలికి పక్కింటి చెట్టు విరిగి ఆ రేకుల మీద పడింది. క్లెయిమ్ పెడితే కంపెనీ సర్వేయరు వచ్చాడు.

“చెట్టేది?”

“డీఆర్ఎఫోళ్లు కోసుకపోయిన్రు సార్. రోడ్డుకు అడ్డం వడ్డది గదా.”

“అంటే ఆధారం లేదు.”

“మొద్దున్నది. చూస్తరా?”

మొద్దు ఆయన పరిధిలోకి రాదు కాబోలు, చూడలేదు. ఆ సాయంత్రం గాలి వీచినట్టు వాతావరణ శాఖ నుంచి కాగితం తెమ్మన్నాడు. వాతావరణ శాఖ ఉన్నది బేగంపేటలో, రేకులు లేచింది మౌలాలిలో. గాలి ఏ రూట్లో వచ్చిందో అదే చెప్పాలి.

ఉప్పల్ స్టేడియంలో 2024 మే 16న సన్‌రైజర్స్, గుజరాత్ ఐపీఎల్ మ్యాచ్ వానకు టాస్ కూడా పడకుండా రద్దయింది. వాన పడిందని అంపైర్లు కళ్లతో చూసి ఒప్పుకున్నారు. బేగంపేట కాగితం అడగలేదు. చెరో పాయింటు ఇచ్చి పంపారు, ఆ ఒక్క పాయింటుతో సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్లిపోయింది కూడా. అంతెందుకు, 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన దంచి నగరం మునిగినప్పుడు సర్కారు ఇంటికి పదివేలు ప్రకటించింది. మొదట చేతికిచ్చారు, తర్వాత మీసేవ కేంద్రాల ముందు నిలబెట్టారు, చివరికి జీహెచ్ఎంసీ ఎన్నికల కోడ్ వచ్చి ఆగింది. ఆగేదాకా మాత్రం ఎవరినీ “మీ ఇంట్లోకొచ్చింది వరదా, ముంపా?” అని నిలదీయలేదు. ఓటున్న వానకూ పాలసీ ఉన్న వానకూ అంత తేడా.

చివరికి పెద్దాయనకు తిరస్కరణ ఉత్తరం వచ్చింది. కారణాలు రెండు. ఒకటి, రేకులు ఏళ్ల తరబడి వాడకంతో పాతబడి పాడయ్యాయి. రెండు, పై గది పాలసీ తీసుకున్న తర్వాత కొత్తగా కట్టింది, కంపెనీకి చెప్పలేదు. గది కొత్తది, దాని మీది రేకులు పాతవి! రెండు కారణాలూ ఒకే పేజీలో, ఒకే సంతకం కింద, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా కాపురం చేస్తున్నాయి.

ఈ కంపెనీలన్నిటినీ అదిలించే నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. పత్రాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదని 2024 జూన్‌లో సర్క్యులర్ కూడా ఇచ్చింది. కంపెనీలు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. ఇప్పుడు పత్రాలు లేవని తిరస్కరించవు. అడుగుతూనే ఉంటాయి.

కానీ ఎవరితో పెట్టుకున్నారు? రైలు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో, ఎందుకు ఆగిందో జర్నల్లో రాసి రాసి సర్వీసు చేసిన గార్డుతో. ఆయన నేరుగా బ్యాంకుకు వెళ్లి లోన్ నాటి వాల్యుయేషన్ రిపోర్టు నకలు పట్టుకొచ్చాడు. అందులో ఇంటి ఫొటో, ఫొటోలో పై గది, గది మీద రేకులు. వాటిని చూసే, కొలిచే, బ్యాంకు ఇంజినీరు ఇంటికి విలువ కట్టాడు. ఆ విలువ చూసే కంపెనీ ప్రీమియం తీసుకుంది. అప్పిచ్చేటప్పుడు ఉన్న గది పరిహారం దగ్గరికొచ్చేసరికి పుట్టనే లేదట.

సర్వేయరు రిపోర్టే వేదం కాదని, దానికి కంపెనీ గానీ పాలసీదారు గానీ కట్టుబడనక్కర్లేదని సుప్రీంకోర్టు 2009లోనే ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. తిరస్కరణ ఉత్తరంలో రాయని కారణాన్ని తర్వాత తీసుకొచ్చి వాదించడానికి వీల్లేదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో చెప్పింది. అంటే కంపెనీ ఆ రెండు కారణాలతోనే కాపురం చేయాలి. అందుకే క్లెయిమ్ లేదని ఫోన్లో చెబితే ఊరుకోకుండా, రాసివ్వమని పట్టుబట్టాలి.

మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగితే ఏసీ గార్డ్స్‌లో ఆఫీసు. ఫీజు లేదు. వకీలును రానివ్వరు, ఇది ఆ ఆఫీసులో నాకు అన్నిటికంటే నచ్చిన నిబంధన. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించగలరు. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే.

పెద్దాయన అదే చేశాడు. అంబుడ్స్‌మన్ నుంచి నోటీసు వెళ్లగానే కంపెనీకి గది కనిపించింది. సెటిల్‌మెంటుకు సిద్ధమంటూ లెక్క పంపింది. కొత్త రేకుల ఖర్చు ఒప్పుకున్నారు, కూలీ ఒప్పుకున్నారు. చివర్లో ఒక మినహాయింపు: విరిగిన రేకులు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి వాటి విలువ తగ్గించాం. పాత సామాన్లవాడు కూడా ముట్టని సిమెంటు రేకు ముక్కలవి.

పెద్దాయన ఆ ముక్కలన్నీ గోనెసంచుల్లో నింపి, లెక్కపెట్టి, ఫొటో తీసి, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాడు: “అయ్యా, మీరు విలువ కట్టిన సామాను మీకోసం భద్రంగా ఉంచాను. ఆఫీసు వేళల్లో బండి పంపించగలరు. వచ్చేవాళ్లు గుర్తింపు కార్డు, అధికార పత్రం, రెండు ఫొటోలు తేవలెను.”