పెట్రోల్లో నీళ్లు, నీళ్లలో పెట్రోల్

బెజవాడలో ఏ బంకులోనైనా పెట్రోల్లో నీళ్లు కలిశాయంటే ఏం జరుగుతుందో మనకు తెలుసు. వరసగా పది బళ్లు మొరాయిస్తాయి. సీసాలో పట్టిన పెట్రోల్ అడుగున నీళ్లు కనిపించేట్టు వీడియో తీసి గ్రూపుల్లోకి వదులుతారు. సాయంత్రానికల్లా పౌర సరఫరాల వాళ్లు, తూనికలు కొలతల వాళ్లు దిగుతారు. ఓనరు చేతులు కట్టుకుని నిలబడతాడు. మరి నీళ్లలో పెట్రోల్ కలిస్తే? ఎవరూ రారు. బోరు నీళ్లకు మైలేజీ ఉండదు కదా.

పెట్రోల్‌కు మనం చేసుకున్న కాపలా చూస్తే ముచ్చటేస్తుంది. అడిగితే ఫిల్టర్ పేపర్ ఇస్తారు, ఐదు లీటర్ల క్యానుతో కొలిచి చూపిస్తారు, డెన్సిటీ బోర్డు మీద రాస్తారు. ట్యాంకులోకి దించే డిప్ రాడ్డుకు ఓ పేస్టు పూస్తారు, నీటిచుక్క తగిలిందంటే రంగు మారిపోతుంది. నీటి బారి నుంచి పెట్రోల్‌ను కాపాడడానికి ఇంత శాస్త్రం ఉంది. పెట్రోల్ బారి నుంచి నీటిని కాపాడడానికి పక్కింటి పిన్నిగారి ముక్కు ఉంది. ‘మొదట్లో కాస్త వాసనొచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది’ అని ఆ ముక్కు కూడా రాజీపడింది.

డిప్ తగ్గితే ఏం చెబుతారో వినండి. ఎండాకాలమైతే ‘ఆవిరైపోయిందండీ’. చలికాలమైతే ‘ట్యాంకర్‌లోనే తక్కువొచ్చిందండీ’. వానాకాలానికి ‘కుర్రాడు సరిగా చూసినట్టు లేడండీ’. ఆకాశం మీద, లారీ మీద, కుర్రాడి మీద అనుమానం వస్తుంది గానీ, కాళ్ల కింద నేల మీద మాత్రం ఎవరికీ రాదు. పైపు జాయింటు దగ్గర సెకనుకో చుక్క కారినా రోజుకు సుమారు నాలుగు లీటర్లు, ఏడాదికి పదిహేను వందలు. మన బీఎస్-6 పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. క్యాన్సర్ తెచ్చే పదార్థం మరి. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోల్‌లోని బెంజీన్ దాదాపు తొమ్మిది లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకెళ్లగలదు.

అబ్బే, మేం పరీక్ష చేయించాం, రిపోర్టుంది అంటారు కొందరు. ఆ పరీక్ష చేసే వైభోగం చూసి తీరాలి. పెట్రోల్ నీటికన్నా తేలిక, భూగర్భ జలం పైపొర మీద తెట్టులా తేలుతుంది. మనవాళ్లు శాంపిల్ ఎక్కడ పడతారు? అడుగుదాకా కేసింగ్ దించి లోతు నీళ్లు లాగే బోరులో. దేనిలో పడతారు? అప్పుడే కూల్‌డ్రింక్ తాగేసిన ప్లాస్టిక్ సీసాలో, అదీ సగం. బెంజీన్ ఇట్టే ఎగిరిపోయే సరుకు. గాలిబుడగైనా మిగలకుండా చిన్న గాజు సీసా నింపి, బిగించి, ఐసులో పెట్టి పంపాలి. మన సీసా బండి ముందు సంచిలో వేలాడుతూ బెంజ్ సర్కిల్ ఎండంతా తాగి, మధ్యలో ఓ టీ విరామం తీసుకుని ల్యాబుకు చేరుతుంది. రిపోర్టు వస్తుంది: ‘పరీక్షకు అందనంత తక్కువ’. నిజమే పాపం, ఉన్నదంతా దారిలోనే దిగిపోయింది. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి లక్ష్మీదేవి పటం పక్కన తగిలిస్తారు.

ఇంకొందరిది టీడీఎస్ మతం. మీటరు ముంచి ‘చూడండి, 90’ అంటారు. ఆ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత పారుతుందనేది. ఉప్పు కనిపెడుతుంది, పెట్రోల్ దానికి కనపడనే కనపడదు.

డెల్టాలో ఇది మరీ సుఖం. నీళ్లు చాలాచోట్ల కొద్ది మీటర్ల లోతులోనే ఉంటాయి. కాలువలు వదిలితే పైకొస్తాయి, వేసవిలో కట్టేస్తే దిగుతాయి. మీద తేలే పెట్రోల్ కూడా వాటితో పాటే ఎక్కుతూ దిగుతూ మధ్యలోని మట్టికంతా పూత పూస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగినప్పుడు, బండి ట్యాంకులోకి నీళ్లు పోయాయా అని మెకానిక్కుల దగ్గర క్యూలు కట్టాం. బంకు ట్యాంకులోంచి ఏదైనా బయటికి వచ్చిందా అని ఎవరు క్యూ కట్టారు?

అడగడానికి ఆఫీసులు లేవనుకునేరు. అనుమతికి కలెక్టరు, ట్యాంకుకు పేలుడు పదార్థాల శాఖ, కొలతకు తూనికల శాఖ, నీటికి భూగర్భ జలశాఖ. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి హెడ్డాఫీసయితే మన ఊళ్లోనే ఉంది. తిలాపాపం తలా పిడికెడు. కొత్త బంకు బడికి, ఆసుపత్రికి, ఇళ్లకు 50 మీటర్ల దూరంలో ఉండాలని, కుదరకపోతే అదనపు జాగ్రత్తలతో 30 మీటర్లకు తగ్గకూడదని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. టేపు పట్టుకుని నేల మీద కొలుస్తారు. నేల కింద పాకే పెట్రోల్‌కు ఆ టేపు చూపించినవాళ్లు లేరు.

అమెరికాలో పాతిపెట్టిన ట్యాంకుల మీద 1984లోనే చట్టం చేశారు. వెతకడం మొదలెట్టాక ఇప్పటిదాకా ఐదు లక్షల పైచిలుకు లీకులు బయటపడ్డాయి. వాళ్ల ట్యాంకులు మనవాటికంటే చేతకానివని కాదు, వాళ్లు తవ్వి చూశారు. మన గుడివాడ కుర్రాడు టెక్సాస్‌లో గ్యాస్ స్టేషన్ కొంటే, బ్యాంకు అప్పివ్వాలంటే ముందు ఆ స్థలం కాలుష్య చరిత్ర రిపోర్టు అడుగుతుంది. అనుమానముంటే బోర్లు వేసి మట్టి, నీరు పరీక్ష చేయిస్తుంది. డబ్బులు కట్టి, నోరు మూసుకుని చేయిస్తాడు. అదే కుర్రాడు సెలవులకొచ్చి ఇక్కడ మూతపడ్డ బంకు స్థలం బేరమాడుతుంటే బావమరిది ఏం చూస్తాడు? లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఆ తర్వాత వాస్తు. నైరుతిలో గొయ్యి ఉంటే అరిష్టమని సిద్ధాంతిగారు తేల్చి చెబుతారు, వెంటనే పాత ట్యాంకు పీకించి ఆ గొయ్యి పూడ్పిస్తారు. గోతి అడుగున మట్టి నల్లగా, నూనె వాసనతో ఉంటే దాన్నే మళ్లీ అందులో వేసి చదును చేస్తారు, కొత్త మట్టికి ట్రాక్టరు ఖర్చు దండగని.

తర్వాత అక్కడ ఐదంతస్తులు లేస్తాయి. ఈశాన్యంలో బోరు, శాస్త్రప్రకారం. బ్రోకరు కొళాయి తిప్పి చూపిస్తాడు: ‘ఏడాది పొడుగునా నీళ్లండీ, పైగా మెయిన్‌రోడ్డు బిట్టు!’