మర్యాద తప్పండి: ఫోన్‌లోకి దొంగ దూరకుండా ఐదు తలకిందుల సలహాలు

దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్‌ల నుంచి చుట్టాల లగ్నపత్రికలు ఇప్పుడు నాందేడ్ తెలుగు ఇళ్లకు వాట్సాప్‌లోనూ వస్తున్నాయి. పక్కనున్న హింగోలిలో 2025 ఆగస్టులో ఒక ప్రభుత్వోద్యోగి అలాంటి పిలుపునే నొక్కారు. అది పత్రిక కాదు, యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు. ఖాతాలోంచి దాదాపు 1.90 లక్షల రూపాయలు పోయాయి. ఆయన అత్యాశపడలేదు, పిలిస్తే పలికారంతే. నా బాధంతా అదే. గూఢచారి యాప్ మన మర్యాదనే దారి చేసుకుని వస్తోంది. అందుకే పెద్దలు నేర్పినదానికి ఎదురు చెబుతున్నాను.

1. పిలుపు అందుకోకండి. శుభలేఖ ఫొటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. ఫైలు పేరు చివర ఏ, పీ, కే అనే మూడక్షరాలుంటే అది ఫోన్‌లోకి ఎక్కే యాప్. ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ పేరుతో వచ్చినా తెరవకుండా తీసేయండి.

2. అయినవాళ్లనే ముందు అనుమానించండి. చిక్కిన ఫోన్ నుంచి ఆ ఫైలు సొంత మనిషి పేరుతోనే మీకొస్తుంది. "కాకా, పత్రిక నువ్వే పంపినవా?" అని ఫోన్ చేసి, గొంతు విని అడగండి. వాట్సాప్‌లో అడిగితే దొంగే జవాబివ్వవచ్చు.

3. అడిగినవాడికి లేదనండి. ఎస్సెమ్మెస్ అనుమతి దొరికితే ఆ యాప్ ఓటీపీలు చదువుతుంది. యాక్సెసిబిలిటీ అనుమతి ఇస్తే తెర మీదిది చూసి, మీ బదులు తానే నొక్కుతుంది. సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కూ, బ్రౌజర్‌కూ "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" ఆపేయండి. హానికర యాప్‌లను పసిగట్టే ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమంటే ఒప్పుకోకండి.

4. ఇంట్లోవాళ్లకైనా పాస్‌కోడ్ చెప్పకండి. కొన్ని నిఘా యాప్‌లను ఎక్కించడానికి ఫోన్ కాసేపు చేతికందితే చాలు, అవి మీ మాటలూ, మీరున్న చోటూ మరొకరికి చేరవేస్తాయి. ఆడపిల్లలకు ఈ మాట మరీమరీ చెబుతున్నాను.

5. ఇంటి గుట్టు రచ్చకెక్కించండి. మోసపోతే వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపండి. మరో ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. పాస్‌వర్డ్‌లూ అక్కడి నుంచే మార్చండి. మీ ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించేముందు పోలీసులకు చూపండి. చుట్టాలందరికీ ఫోన్ చేసి, నా పేరుతో వచ్చిన పత్రిక తెరవొద్దని చెప్పండి. మీరు సిగ్గుపడి దాచినంతసేపూ ఆ యాప్ మీ పేరుతోనే మరో ఇంటి తలుపు తడుతూ ఉంటుంది.