ఏ3 రంగు నవ్వు

ఖర్చు పెడితే కనపడాలి. మన వైపు ఇది రాయని రాజ్యాంగం. పట్టుచీర కొంటే అంచు నలుగురి కంట పడేలా కట్టుకోవాలి. కారు కొంటే నిమ్మకాయలు తొక్కించాక వారం రోజులైనా వీధిలోనే పెట్టాలి. ఇల్లు కడితే లోపల బీరువాకి చోటు లేకపోయినా బయట ఎలివేషన్ అదిరిపోవాలి. అలాంటి గడ్డ మీద పుట్టి, వేలు పోసి, ఎవరి కంటా పడకూడదన్న షరతు మీద నేను చేయించుకున్న ఏకైక అలంకారం కాంపోజిట్ బాండింగ్, అంటే విరిగిన పన్నుకి పంటిరంగు ముద్దతో వేసే అతుకు.

నా పైవరస ముందుపన్నుకి ఒక మూల లేదు. చిన్నప్పుడు గోలీసోడా ఎత్తి తాగుతుంటే వెనకనుంచి ఎవడో తోశాడు. సీసాకేం కాలేదు. ఆ ముక్క లేకుండానే నా చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ జరిగిపోయాయి. పెళ్ళిచూపుల్లో పెదాలు బిగించి కూర్చుంటే "కుర్రాడు నెమ్మదస్తుడు" అని పేరు కూడా వచ్చింది.

ఇంతలో మా మేనకోడలి పెళ్ళి కుదిరింది. "అన్నయ్యా, పిల్లని బుట్టలో మోసుకొచ్చే మేనమామవి. ఆల్బమ్‌లో నువ్వలా మూతి ముడుచుకుని పడితే పెట్టుపోతల దగ్గర అలిగావనుకుంటారు మగపెళ్ళివారు" అంది చెల్లెలు. మా ఆవిడ ఆ సాయంత్రానికే పళ్ళ డాక్టరు దగ్గర టైము తీసుకుంది.

డాక్టరు చిన్నపిల్ల. నోట్లో అద్దం పెట్టి చూసి, "క్యాప్ వెయ్యాలంటే పన్ను చుట్టూ అరగదియ్యాలంకుల్. మీ పన్ను గట్టిగానే ఉంది, పోయింది మూలే కదా. బాండింగ్ చాలు. ఇంజక్షన్ కూడా అక్కర్లేదు" అంది. ఇంజక్షన్ అక్కర్లేదన్నాక నేనింకేం వినలేదు, ఒప్పేసుకున్నాను.

"ముందు రంగు చూడాలి" అంటూ నమూనా పళ్ళ వరస ఒకటి తీసింది. మొత్తం పదహారు. ఏ1 మొదలుకుని డీ4 దాకా ఒక్కోదానికి ఒక్కో నంబరు. అన్నిట్లోకీ తెల్లగా మెరిసిపోతున్నదాన్ని వేలుపెట్టి చూపించాను. ఆ అమ్మాయి నా వేలిని పట్టించుకోకుండా నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పై పెదవి ఎత్తి, ఒక్కో నమూనా నా పన్ను పక్కన ఆనించి చూసింది. జాకెట్టు గుడ్డ పట్టుకుని మ్యాచింగ్ సెంటర్ బయటికొచ్చి ఎండలో చూసుకునే మా ఆవిడకి ఈ పద్ధతి తెగ నచ్చింది. తనూ వచ్చి తొంగిచూసింది. ఇద్దరూ కలిసి "ఏ3" అని తేల్చారు.

"ఏ3 అంటే ఏంటమ్మా?"

"కాస్త గోధుమ, కాస్త పసుపు. టీ ఎక్కువ తాగుతారా అంకుల్?"

"సినిమా హీరోల రంగు వెయ్యకూడదా?"

"వెయ్యొచ్చు. ఆ మూల ఒక్కటే హీరోలా ఉంటుంది, మిగతా పళ్ళన్నీ జూనియర్ ఆర్టిస్టులైపోతాయి. అన్నీ తెల్లబడాలంటే ముందు బ్లీచింగ్ చేసి, రెండు వారాలాగి, అప్పుడు బాండింగ్ చెయ్యాలి. ముందు ఇది పెట్టేసి తర్వాత బ్లీచింగ్ చేస్తే పళ్ళు తెల్లబడతాయి, ఇది మాత్రం ఇలాగే ఉండిపోతుంది."

పెళ్ళికి రెండు వారాలు లేవు. కాబట్టి నేను ఇన్నేళ్ళుగా తాగిన టీలన్నిటికీ డబ్బిచ్చి మరీ నకలు తీయించుకోవడానికి ఒప్పుకుని కుర్చీలో పడుకున్నాను.

పెదాలు వెనక్కి లాగిపట్టే ప్లాస్టిక్ చట్రం ఒకటి బిగించి, పన్నుకి నీలం రంగు జెల్ రాసింది. "ఏంటిది?" అన్నాననుకున్నాను. బయటికి వచ్చింది "ఆంఇఇ". పళ్ళ డాక్టర్లకి ఆ భాష వచ్చు. "ఫాస్ఫారిక్ యాసిడ్ అంకుల్, 37 శాతం. భయపడకండి, పావు నిమిషంలో కడిగేస్తా. కోలాల్లో కూడా కొంచెం ఉంటుంది" అంది. దాంతో కోలా మీద కూడా భయం పట్టుకుంది.

ఇంటికొచ్చాక ఈ యాసిడ్ కథేమిటో చదివాను. ఫ్యాక్టరీల్లో లోహపు రేకులకి పెయింటు గట్టిగా పట్టాలంటే ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తారట. అదే పన్నుకి పూస్తే ఏమవుతుందని అమెరికాలో మైకేల్ బ్యూనకోర్ అనే దంతవైద్యుడికి అనిపించింది. పూసి చూశాడు. ఒంట్లో అన్నిటికంటే గట్టిదైన ఎనామిల్ మీద కంటికి ఆనని గుంటలు పడ్డాయి. రెసిన్ వాటిలోకి దిగి గట్టిగా పట్టుకుంది. ఇది 1955 నాటి మాట. ఆ తర్వాత 1960ల మొదట్లో రాఫెల్ బోవెన్ అనే ఆయన పళ్ళకి పనికొచ్చే కొత్త రెసిన్ తయారుచేసి, దాంట్లో సన్నటి సిలికా పొడి కలిపాడు. అదే కాంపోజిట్. నా నవ్వుకి మూలపురుషుడు ఎవరో రేకుల పెయింటరన్నమాట!

మళ్ళీ కుర్చీ దగ్గరికొస్తే, యాసిడ్ కడిగేశాక ఏ3 రంగు కాంపోజిట్ ముద్ద వచ్చింది. పక్క పన్నుకి అంటుకోకుండా మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పట్టీ దోపి, ముద్దని కొంచెం కొంచెంగా అద్ది, నీలం లైటు పట్టింది. ఇరవై సెకన్లలో రాయైంది. పొర రెండు మిల్లీమీటర్లు దాటితే లైటు అడుక్కి చేరదట, అందుకని మళ్ళీ పొర, మళ్ళీ లైటు. చివర్లో నీలం కార్బన్ కాగితం పళ్ళ మధ్య పెట్టి "నూరండంకుల్" అంది. "అది ఆయనకి అలవాటే" అంది మా ఆవిడ. ఎక్కడ మచ్చ పడితే అక్కడ అరగదీసి, పాలిష్ పెట్టి, అద్దం చేతికిచ్చింది. చూశాను. అతుకేదో, పన్నేదో నాకే తెలియలేదు.

"ఎవరూ గుర్తుపట్టకపోతేనే పని బాగా వచ్చినట్టు" అని ఆ అమ్మాయి మురిసిపోతూ నిషేధాల చిట్టా విప్పింది. రెండు రోజులు టీ, కాఫీ, పసుపు బంద్. పసుపు పడని వంట మా ఇంట్లో పెరుగన్నం ఒక్కటే, అదే తిన్నాను. శాశ్వత నిషేధాలు వేరే ఉన్నాయి. ముందుపళ్ళతో చెరుకు చీల్చకూడదు, గట్టి జామకాయ కొరకకూడదు, బొమికల జోలికి పోకూడదు, ప్యాకెట్లు చింపకూడదు, దారం తెంపకూడదు. ఇన్నీ పాటిస్తే అయిదారేళ్ళు వస్తుందట. పాత సినిమావాళ్ళకి ఈ బాధ లేదు. 1920ల చివర్లో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే డాక్టరు నటుల పళ్ళకి పల్చటి తొడుగులు తాత్కాలికంగా అంటించేవాడు. షూటింగ్ అవగానే తీసేసి హాయిగా భోంచేసేవాళ్ళు. అవి అందానికీ, అసలు పళ్ళు ఆకలికీ. నాకా విభజన లేదు.

పెళ్ళిలో బుట్ట మోస్తూ నవ్వాను. తలంబ్రాల దగ్గర నవ్వాను. పంతులుగారు సంభావన చాలదన్నప్పుడు కూడా నవ్వాను. ఒక్కరు గుర్తుపడితే ఒట్టు. "అన్నయ్యా, జుట్టుకి రంగేశావా?" అంది చెల్లెలు. "చిక్కినట్టున్నావు, షుగర్ చూపించుకో" అన్నాడు బావ. డాక్టరమ్మ లెక్కలో ఇది ఘనవిజయం. మా ఇంటి లెక్కలో మటుకు డబ్బు బూడిదలో పోసిన పన్నీరు.

ఇక ఉండబట్టలేక, భోజనాల దగ్గర పిన్నిని పక్కకి పిలిచి సంగతి చెప్పేశాను. ఆవిడ ఫోను టార్చి వేసి నా నోట్లోకి చూసింది.

"ఏ పన్నురా?"

"ఇదే పిన్నీ."

"ఇది విరిగిందెప్పుడు?"

నీరసం వచ్చింది. విరిగిందనే తెలియనివాళ్ళకి అతికించిన సంగతి ఎలా కనపడుతుంది! ఎంతైందో అడిగింది. చెప్పాను. వేళ్ళ మీద ఏదో లెక్క కట్టి బుగ్గలు నొక్కుకుంది.

"మీ తాతయ్యకి ముందుపన్ను బంగారంది. ఆయన అరుగు మీద కూర్చుని నవ్వితే వీధి మొదట్లోకి కనపడేది. ఇదేం చోద్యంరా, పెట్టించినట్టూ తెలీదు, తాకట్టుకీ పనికిరాదు!"

అయిదారేళ్ళ తర్వాత ఇది ఊడినప్పుడు పిన్ని మాట డాక్టరమ్మ చెవిన వేస్తాను. బంగారం ధర ఇలాగే మండుతుంటే మాత్రం మళ్ళీ ఏ3తోనే సరిపెట్టుకోవాలి.